పాత ఆంప్లిఫయరు, చిన్న కండెన్సర్లు, నా చెవులు



రక్తపోటు గురించో, మధుమేహం గురించో చదువుదామని వచ్చిన మీకు ఈసారి ఒక పాత ఆంప్లిఫయరు మరమ్మతు కథ చెప్పబోతున్నాను. వైద్యుడికి రేడియో మెకానిక్ పనితో ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. దయచేసి చివరి వరకు చదవండి. ఈ కథలో అసలు రోగి ఎవరన్నది నాకే చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం వల్ల మా కింది వాటాలో ఉండే ఒక ఇల్లాలు కంటిచూపును పోగొట్టుకునే స్థితి వచ్చింది.

1979లో, ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం, నెలనెలా జీతంలో కొంత మిగిల్చి ఒక స్టీరియో ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు కొన్నాను. తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. చెక్క పెట్టె, ముందువైపు అల్యూమినియం పలక, దాని మీద బేస్, ట్రెబుల్ అని వ్రాసిన గుండ్రని నాబ్‌లు. అశోక్‌నగర్‌లోని మా ఇంటికి చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నడిచి వెళ్లేంత దూరం. సాయంకాలం అక్కడ కచేరీ విని వచ్చి, అదే రాగాన్ని ఇంట్లో రికార్డు మీద మరొకమారు వినడం ఆ రోజుల్లో నాకు పరిపాటి. పదవీ విరమణ తరువాత ఆ అలవాటు ఇంకా బలపడింది. తెల్లవారుజామున నడకకు బయలుదేరితే, నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర అప్పటికే పుస్తకాల సంచులతో ఉద్యోగ పరీక్షల విద్యార్థులు కనిపిస్తారు. వారిని దాటుకుని వేంకటేశ్వరస్వామి ఆలయం దాకా వెళ్లి వచ్చి, కాఫీ త్రాగి, ఒక గంట సంగీతం వినడం నా దినచర్య.

గత సంవత్సరం ఆ గంట చెడింది. పాట మొదలు కాకముందే స్పీకర్లలో ఎడతెగని గుయ్‌మనే హమ్ము. మృదంగంలో ఎడమవైపు మూత పలికే గంభీరనాదం పలచబడింది. తంబురాలో ఉండే మెరుపు, వయొలిన్ కమాను తీగను తాకినప్పటి పదును మొద్దుబారాయి. గాయకుడు స అన్నాడో, శ అన్నాడో, హ అన్నాడో తెలియడం లేదు. ఈ మూడు లక్షణాలను రోగి చెప్పే బాధలను కేసు షీటు మీద వ్రాసుకున్నట్లే ఒక కాగితం మీద వ్రాసుకున్నాను. ఆ మూడింటికీ మూలం ఒకటేనని నాకు నేనే నిర్ణయించుకున్నాను. నా మొదటి పొరపాటు అదే.

నారాయణగూడ సందులో ఒక పాఠం

నారాయణగూడలో ఒక సందులో పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ ఒకరున్నారు. అరవై ఏళ్లు దాటిన మనిషి. తండ్రి దగ్గర వాల్వు రేడియోల పని నేర్చుకుని, ట్రాన్సిస్టర్ల కాలాన్ని చూసి, ఇప్పుడు ఫోను చార్జర్ల మధ్య కూర్చుని ఉన్నారు. ఆటోలో పెట్టెను తీసుకుపోయి, "కండెన్సర్లు పాతబడ్డాయట, అన్నీ మార్చేయండి" అన్నాను.

ఆయన నవ్వారు. "డాక్టర్ సాబ్, మీ దగ్గరికి వచ్చినవాళ్లందరికీ అల్మారాలో ఉన్న మందులన్నీ ఇచ్చేవారా? ముందు ఏది పోయిందో చూద్దాం. బాగున్నదాన్ని ముట్టుకుంటే కొత్త రోగం మనమే తెచ్చినట్లు అవుతుంది."

ముప్పై ఏళ్లు వైద్యవిద్యార్థులకు నేను చెప్పిన మాటే అది. నా యంత్రం విషయానికి వచ్చేసరికి నాకే గుర్తులేదు.

కండెన్సరు అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాను. పుస్తకాలు దీనిని కెపాసిటరు అంటాయి. మన మెకానిక్‌లు నేటికీ కండెన్సరనే అంటారు. రెండు లోహపు రేకుల మధ్య విద్యుత్తును పోనివ్వని ఒక పలుచని పొర ఉంటుంది. ఆ రేకుల మీద విద్యుదావేశం నిలువ ఉంటుంది. ఏకముఖ విద్యుత్తును ఇది అడ్డగిస్తుంది. హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తును, అంటే పాటను మోసుకువచ్చే సంకేతాన్ని, దాటనిస్తుంది. వైద్యులకు ఈ నిర్మాణం కొత్తది కాదు. మన శరీరంలోని ప్రతి కణత్వచమూ ఇటువంటిదే. లోపల ఒక ద్రవం, వెలుపల ఒక ద్రవం, నడుమ కొవ్వు పొర. ఒక చదరపు సెంటీమీటరు కణత్వచానికి సుమారు 1 మైక్రోఫారడ్ ధారణశక్తి ఉంటుందని శరీరధర్మశాస్త్రంలో చదువుకున్నాము. మా ఆంప్లిఫయరులో చిటికెనవేలి గోరంత కండెన్సరు మీద వ్రాసి ఉన్న అంకె కూడా 1 మైక్రోఫారడే.

ఏది ఏమిటో గుర్తించడం

మూత విప్పగానే నా చూపు రెండు పెద్ద డబ్బాల వంటి కండెన్సర్ల మీద పడింది. ఒక్కొక్కటి 4700 మైక్రోఫారడ్, 50 వోల్టులు. హమ్ముకు కారణం అవేనని తేల్చేశాను. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. దానిని ఏకముఖంగా మార్చినప్పుడు 100 ఆవృత్తుల అలలు మిగులుతాయి. వాటిని చదును చేసేవి ఆ పెద్ద కండెన్సర్లు. మెకానిక్ మీటరు పెట్టి చూస్తే అవి రెండూ నిక్షేపంగా ఉన్నాయి. చెడిపోయినవి ప్రీ-ఆంప్లిఫయరు బోర్డుకు వెళ్లే దారిలో అలలను చివరిసారి వడగట్టే చిన్నవి.

చిన్నవే ముందు ఎందుకు పోతాయని అడిగాను. ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు లోపల తడి ఉంటుంది. ద్రవంలో నానిన కాగితం, అల్యూమినియం రేకులతో కలిపి చుట్టగా చుట్టి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు బిరడా సందుల నుంచి ఆ తడి ఆరిపోతుంది. చిన్నదానిలో ద్రవం కొద్దిగానే ఉంటుంది కాబట్టి అది త్వరగా ఎండుతుంది. పసిపిల్లలు విరేచనాల వల్ల పెద్దలకన్నా వేగంగా డస్సిపోవడం నాకు గుర్తుకు వచ్చింది. వేడి దీనికి ప్రధాన శత్రువు. పరిసరాల వేడి 10 డిగ్రీలు తగ్గితే దీని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. మా పెట్టెలో హీట్ సింకును ఆనుకుని ఉన్న కండెన్సర్లే ఎక్కువగా చెడిపోయాయి.

ఇంట్లో పాత యంత్రం ఉన్నవారి కోసం ఆయన చెప్పిన గుర్తులను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్: గొట్టం ఆకారం, పైన ప్లాస్టిక్ తొడుగు. విలువ, వోల్టేజి స్పష్టంగా వ్రాసి ఉంటాయి. రెండు కాళ్లూ ఒకవైపే ఉన్నవాటిలో ఋణధ్రువం పక్కన చార ఉంటుంది. రెండు కొనలకూ కాళ్లున్న పాత రకంలో చుట్టూ నొక్కు పడిన కొన ధనధ్రువం. వయసుతో ఎండిపోయేవి ముఖ్యంగా ఇవే.

టాంటలం: నీటి బొట్టు ఆకారంలో ఉండే చిన్న పూస. ఇందులో గుర్తు ధనధ్రువానికి వేస్తారు. అల్యూమినియం రకానికి ఇది సరిగ్గా విరుద్ధం. తొందరపడేవారు తప్పు చేసేది ఇక్కడే. ధ్రువం తలక్రిందులైతే ఈ పూస కాలిపోవచ్చు, పగిలిపోనూ వచ్చు.

పాలియెస్టరు వంటి ఫిల్మ్ రకాలు, సిరామిక్ బిళ్లలు: వీటికి ధ్రువాలు లేవు. విలువను చాలాసార్లు మూడంకెల సంకేతంగా వ్రాస్తారు. మొదటి రెండంకెలు విలువ, మూడవది వాటి పక్కన పెట్టవలసిన సున్నాల సంఖ్య, లెక్క పికోఫారడ్‌లలో. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికోఫారడ్‌లు, అనగా 0.1 మైక్రోఫారడ్. 473 అంటే 0.047 మైక్రోఫారడ్. వెనుక వచ్చే జె అక్షరం 5 శాతం, కె అక్షరం 10 శాతం తేడాను సూచిస్తుంది. ఈ రకాలు సాధారణంగా దశాబ్దాలు నిలుస్తాయి. కారణం లేకుండా వీటిని పీకవద్దు.

కంటితో చూసి అంతా చెప్పలేము. ఉబ్బు, కారిన మరక కనిపిస్తే సందేహం లేదు. అయితే ఎండిన కండెన్సర్లలో చాలావాటికి పైకి ఏ లక్షణమూ ఉండదు. మీటరు పెట్టవలసిందే. ఒక కాలును బోర్డు నుంచి ఊడదీసి కొలిస్తే, 1 మైక్రోఫారడ్ అని వ్రాసి ఉన్నది 0.06 చూపించింది. దాని తరువాత ఉన్న నిరోధం 47,000 ఓమ్‌లు. లెక్క వేశాము. కొత్తగా ఉన్నప్పుడు అది సెకనుకు మూడు, నాలుగు ఆవృత్తుల నాదాన్ని కూడా దాటనిస్తుంది. ఇప్పుడు 56 ఆవృత్తుల దగ్గరే కోత మొదలవుతున్నది. సంకేతం వెళ్లే దారిలో ఇటువంటివి మూడు ఉన్నాయి. మృదంగం గాంభీర్యం ఎక్కడ పోయిందో అర్థమైంది.

అప్పుడే ఆయన ఒక మాట అన్నారు. "డాక్టర్ సాబ్, ఇవి ఎండితే బేస్ పోతుంది, ట్రెబుల్ పోదు. మీ కాగితంలో మూడోది దీనితో కలవడం లేదు."

నేను విన్నాను. పట్టించుకోలేదు.

మార్చేటప్పుడు ప్రాణానికి జాగ్రత్త

వైద్యుడిగా ఈ భాగాన్ని నొక్కి చెప్పడం నా బాధ్యత. ప్లగ్ తీసినంత మాత్రాన పెట్టె నిర్జీవం కాదు. కండెన్సరు పని నిలువ ఉంచడమే కదా. 1962లో బెర్నార్డ్ లౌన్ ప్రకటించిన డీసీ డీఫిబ్రిలేటరు, అంటే లయ తప్పిన గుండెను తిరిగి గాడిలో పెట్టే యంత్రం, కండెన్సరులో దాచిన శక్తిని ఒక్కసారిగా ఛాతీ గుండా పంపే సూత్రం మీదనే పనిచేస్తుంది. గుండెను నిలబెట్టగల శక్తి అదుపు తప్పితే గుండెను ఆపనూ గలదు. పాత వాల్వు రేడియోలలో 250 నుంచి 300 వోల్టులు నిలువ ఉండవచ్చు. వాటిని ఇంట్లో విప్పవద్దు. ట్రాన్సిస్టరు పెట్టెలోనైనా, ప్లగ్ తీసిన తరువాత తగిన నిరోధం ద్వారా కండెన్సరును ఖాళీ చేసి, మీటరుతో వోల్టేజి పోయిందని చూసుకున్న తరువాతే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్లను కలిపి నిప్పురవ్వ రప్పించడం సాహసం కాదు, అవివేకం.

కొత్తది ఎంచుకునేటప్పుడు ధారణశక్తి పాతదానికి సమానంగా, వోల్టేజి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. ఎన్నడూ తక్కువ ఉండరాదు. నేరుగా ఇంటి కరెంటుకు అడ్డంగా ఉండే కండెన్సరును అందుకోసమే తయారైన ఎక్స్ లేదా వై తరగతి రకంతోనే మార్చాలి. ముందుగా బోర్డుకు ఫోటో తీసుకోవాలి. ఒకటి తీసి, అది పెట్టిన తరువాతే రెండవదాని జోలికి పోవాలి.

మెకానిక్ వ్రాసిచ్చిన చీటీతో చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, రెండవ స్టేషనైన సుల్తాన్‌బజారులో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. 105 డిగ్రీల వేడికి తట్టుకునే రకం పదకొండు చిన్న కండెన్సర్లు కాగితపు పొట్లంలో కట్టి ఇచ్చారు. అంగడిలో కుర్రవాడు చెప్పిన అంకెలను రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాను. బజారు రొద అనుకున్నాను.

టంకం వేసేటప్పుడు లేచే పొగ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అది సీసపు ఆవిరి కాదు. సోల్డరింగ్ ఐరన్ వేడికి సీసం చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు. ఆ పొగ పైన్ చెట్టు బంక నుంచి తీసే రోజిన్‌ది. అది కొందరిలో ఉబ్బసం తెప్పిస్తుంది. కాబట్టి కిటికీ తెరిచి, పొగ ముఖానికి తగలకుండా కూర్చోవాలి. సీసం ప్రమాదం చేతుల ద్వారా వస్తుంది. పని మధ్యలో మురుకులు నమలడం, టీ త్రాగడం మాని, ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో టంకపు తునకలను నేల మీద వదలరాదు.

ఆసిలోస్కోపు చెప్పిన సాక్ష్యం

పదకొండూ మార్చాక హమ్ము మాయమైంది. మృదంగం తన గంభీరనాదంతో తిరిగి వచ్చింది. పెట్టెను ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు ఆనందించాను. మూడవ రోజు నుంచి మళ్లీ అసంతృప్తి. తంబురా మెరుపు రాలేదు. స, శ ల పదును రాలేదు. ట్రెబుల్ నాబ్‌ను చివరంటా తిప్పితే నా శ్రీమతి వంటింట్లో నుంచి వచ్చి, "ఏమండీ, చెవులు గింగురుమంటున్నాయి, కాస్త తగ్గించండి" అన్నది. ఆమె చెవులే మరీ సున్నితమనుకున్నాను.

స్పీకరుతో సహా మళ్లీ నారాయణగూడ వెళ్లాను. నా స్వరంలో కొంత కోపం ఉందని ఒప్పుకుంటున్నాను. ఆయన ఏమీ అనలేదు. స్పీకరులో ట్వీటరుకు వెళ్లే దారిలో ఒక ధ్రువరహిత కండెన్సరు ఉంటుంది. హెచ్చు స్థాయి నాదం మొద్దుబారడానికి అదొక్కటే తగిన అనుమానితుడు. 4.7 ఉండవలసినది 4.6 చూపించింది. నిర్దోషి.

అప్పుడాయన ఒక చిన్న యంత్రం నుంచి స్వచ్ఛమైన నాదాన్ని ఆంప్లిఫయరులోకి పంపారు. 1000 ఆవృత్తులు, ఈల వలె వినిపించింది. 4000, సన్నగా దూరం నుంచి. 8000 అన్నారు. దుకాణం నిశ్శబ్దమైపోయింది. "కట్టేశారా?" అని అడిగాను. పక్కన టంకం వేస్తున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ముఖం చిట్లించి రెండు చెవులూ మూసుకున్నాడు. ఆసిలోస్కోపు తెర మీద ఆకుపచ్చని అల నిండుగా, ఏ వంకరా లేకుండా కదులుతున్నది.

మెకానిక్ నా వైపు చూడకుండా, మీద చేతితో గుడ్డ వేసి పెట్టెను తుడుస్తూ, "మిషన్ బాగుంది, డాక్టర్ సాబ్" అన్నారు.

ఇంతకన్నా సౌమ్యంగా రోగనిర్ణయం చెప్పడం నేను నా వృత్తిలో చూడలేదు. అయినా నేను ఒప్పుకోలేదు. వీధిలో వాహనాల రొద అన్నాను. జలుబు చేసిందన్నాను. పరీక్ష చేయించుకోవడానికి తరువాత చూద్దామనుకున్నాను. నా దగ్గరకు వచ్చిన ఎందరో రోగులు ఈ మాటలే అన్నారు, వారి మీద విసుక్కున్నాను కూడా.

కన్ను, పన్ను

తరువాత మూడు వారాలకు, ఒక ఆదివారం సాయంత్రం, కింది వాటాలో ఉండే ఆవిడ ఫోను చేశారు. అరవై దాటిన మనిషి. "డాక్టరు గారూ, మధ్యాహ్నం నుంచి పన్ను నొప్పి, తల పగిలిపోతున్నది" అన్నట్లు వినిపించింది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. పారాసిటమాల్ ఒకటి వేసుకుని, ఉదయాన్నే దంతవైద్యుని చూడమన్నాను. ఆవిడ ఒక క్షణం ఆగి, "అలాగేనండీ" అన్నారు.

గంటన్నర తరువాత ఆవిడ కోడలు పైకి పరుగెత్తుకు వచ్చింది. "అంకుల్, అత్తయ్యకు వాంతులవుతున్నాయి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంటున్నారు." కిందికి వెళ్లి చూస్తే ఎడమ కన్ను నిప్పుకణిక వలె ఎర్రబడి ఉన్నది. నల్లగుడ్డు మసకబారింది. కంటిపాప విచ్చుకుని, వెలుతురు వేసినా కదలడం లేదు. నీటికాసులని మనవారు పిలిచే గ్లకోమాలో ఆకస్మికంగా ఒత్తిడి పెరిగే రకం అది. గంటల వ్యవధిలో చికిత్స అందకపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు.

ఆవిడ చెప్పినది కన్ను నొప్పి. నేను విన్నది పన్ను నొప్పి. వైద్యుడు చెప్పాడు కదా, ఏదో కారణం ఉండే ఉంటుందని, ఆవిడ కంటి నొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించారు.

ఆ రాత్రే కంటి ఆసుపత్రిలో మందులతో ఒత్తిడి తగ్గించారు. మరునాడు లేజరుతో కనుపాపతెరలో సూక్ష్మరంధ్రం చేశారు. రెండవ కంటికి ముందుజాగ్రత్తగా అదే చికిత్స చేశారు. చూపు నిలిచింది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. నారాయణగూడ మెకానిక్ నాకు మూడు వారాల ముందే చెప్పిన నిజాన్ని నేను పక్కకు నెట్టకుండా ఉంటే, ఆ గంటన్నర వృథా అయ్యేది కాదు.

మార్చలేని భాగం

మరుసటి వారమే నా మిత్రుడైన ఒక చెవి వైద్యుని దగ్గరకు వెళ్లాను. గులిమి లేదు, కర్ణభేరి బాగుంది. ఆడియోగ్రాములో నా రెండు చెవుల గీతలూ 1000 ఆవృత్తుల వరకు దాదాపు సమతలంగా సాగి, ఆ తరువాత కొండవాలు వలె దిగిపోయాయి. 4000 దగ్గర 50 డెసిబెల్స్, 8000 దగ్గర 70. రెండు చెవులూ సమానంగా. వయసుతో వచ్చే వినికిడి లోపానికి పాఠ్యపుస్తకంలోని బొమ్మ అది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కర్ణావర్తం ఉంటుంది. అందులో సుమారు 15,000 రోమకణాలు పుట్టుకతోనే వస్తాయి. ముఖద్వారం దగ్గరివి హెచ్చు నాదాలను, లోపలి కొనలోనివి తగ్గు నాదాలను గ్రహిస్తాయి. ముఖద్వారం దగ్గరివే ముందుగా నశిస్తాయి. మానవులలో నశించిన రోమకణం మళ్లీ పుట్టదు. దానికి గుజరాతీ గల్లీలో పొట్లం దొరకదు.

మాటలో అచ్చుల బలం తగ్గు నాదాలలో ఉంటుంది. స, శ, ష, త, ప, క వంటి హల్లుల గుర్తింపు చాలావరకు హెచ్చు నాదాల మీద ఆధారపడుతుంది. అందుకే ఈ లోపం ఉన్నవారు "వినిపిస్తున్నది కాని అర్థం కావడం లేదు" అంటారు. ఎదుటివారు గొణుగుతున్నారని నిందిస్తారు. సాధారణ టెలిఫోను 300 నుంచి 3400 ఆవృత్తుల వరకే మోసుకువస్తుంది. దానికి నా చెవుల లోపం తోడైతే, కన్నుకూ పన్నుకూ మధ్య మిగిలిన తేడా ఎంత?

ఇప్పుడు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకుంటున్నాను. మొదటి రెండు వారాలు గిన్నెల చప్పుడు, వార్తాపత్రిక పేజీ తిప్పిన శబ్దం కూడా దుర్భరంగా తోచాయి. మెదడు క్రమంగా అలవాటు పడింది. ఇవి పోయిన కణాలను తిరిగి తేవు, మిగిలినవాటికి సాయపడతాయి. తంబురా మునుపటి మెరుపు పూర్తిగా రాలేదు. కాని స, శ లు విడివడ్డాయి. ఆ ఇల్లాలికి జరిగినది జరిగినట్లు చెప్పి క్షమాపణ కోరాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీకు సరిగా వినపడదని మా కోడలు అంటూనే ఉంది, మీకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాము" అన్నారు. అందరికీ తెలిసినది నాకొక్కడికే తెలియలేదు.

మీకు నా మనవి

1. టీవీ శబ్దం ఎక్కువైందని ఇంటివారు పదేపదే అంటున్నా, గుంపులో మాటలు కలిసిపోతున్నా, ఫోనులో తికమక పడుతున్నా వినికిడి పరీక్ష చేయించుకోండి. అరవై దాటినవారు ఏ ఇబ్బందీ లేకున్నా ఒకసారి చేయించుకోవడం మంచిది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి మన ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నది.

2. ఒక చెవి అకస్మాత్తుగా, గంటలలోనో రెండు మూడు రోజులలోనో వినిపించడం మానితే అది అత్యవసరం. జలుబనుకుని వేచి ఉండకండి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

3. మధుమేహం, పొగత్రాగడం, దీర్ఘకాలపు రొద వినికిడిని దెబ్బతీస్తాయి. 85 డెసిబెల్స్ రొదలో రోజుకు 8 గంటలు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు కూడా చెవికి హాని చేయగలవు. వాటిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

4. వినికిడి లోపాన్ని నిర్లక్ష్యం చేస్తే ఒంటరితనం పెరుగుతుంది. మతిమరుపు వ్యాధికి నివారించదగిన కారణాలలో వినికిడి లోపాన్ని 2017 నుంచి లాన్సెట్ కమిషన్ పేర్కొంటూ వస్తున్నది. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకు?

5. వైద్య సలహాను ఫోనులో అడిగేటప్పుడు, చెప్పేటప్పుడు, విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకోండి. వైద్యమిత్రులకూ ఇదే నా విన్నపం.

6. కంటి నొప్పి, ఎరుపు, వాంతులు, దీపాల చుట్టూ వలయాలు కలిసి వస్తే ఉదయం దాకా ఆగవద్దు.

మొన్న నారాయణగూడ వెళ్లి మెకానిక్ గారికి యంత్రాలు చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఒకదాన్ని వేలి మీద పెట్టుకుని, "ఇందులోనూ కండెన్సర్లు ఉంటాయి, డాక్టర్ సాబ్, బియ్యపు గింజకన్నా చిన్నవి. ఇవి పాడైతే మాత్రం నా దగ్గరికి తేకండి" అన్నారు. అంత రొదలోనూ ఆయన మాటలో ప్రతి అక్షరం నాకు వినిపించింది.

ఆరోగ్యమస్తు.